బట్టల బండ పక్కన బంతి మొగ్గ

అరకు,
మే నెల రెండో వారం.

చిరంజీవి సురేంద్రకు,

మీ అమ్మ దీవించి రాసేది ఏమంటే, ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ నాన్న బాగున్నాడు. మీ నానమ్మ మోకాలు బాగుంది. ఆవు బాగుంది. పక్కింటి భాను మేక అయితే మరీ బాగుంది, దాని సంగతి తర్వాత చెబుతాను. బాగోలేనిది నా ఓపిక ఒక్కటే. అది నువ్వు నిశ్చితార్థం నాడు నోరు తెరిచినప్పుడు పోయింది, ఇంతవరకు తిరిగి రాలేదు. నువ్వు ఆ మంచు కొండల్లో డ్యూటీ చేస్తూ క్షేమంగా ఉన్నావని తలుస్తాను. ఉన్ని మేజోళ్ళు వేసుకుంటున్నావు కదా?

ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. ఎప్పుడో ఒకసారి నువ్వు ఫోను చేస్తే "హలో, వినబడుతోందా" అనుకునేసరికే కట్టయిపోతుంది. మాకు సిగ్నలు కావాలంటే గుట్ట ఎక్కాలి. గుట్టెక్కి, ఆయాసపడుతూ, గాలికి చీర ఎగరకుండా పట్టుకుని తిట్టడం నా వల్ల కాదు నాయనా. నిన్ను కూర్చుని తీరిగ్గా తిట్టాలి. అందుకని అంగన్‌వాడీ పిల్లలు అన్నాలు తిని పడుకున్నాక, గుమ్మంలో కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

పోయిన ఉత్తరంలో నువ్వడిగిన వాటికి జవాబులు. మీ నాన్న చుట్ట మానలేదు. మానేశానని నీతో చెప్పాడట కదా, మానింది ఇంట్లో కాల్చడం. నీ బండి వారానికోసారి స్టార్టు చేయమన్నావు, చేస్తున్నాడు. చేసి, దాని మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. నానమ్మ పెళ్ళికి కొత్త చీర వద్దంటోంది. వద్దంటూనే ఏ రంగు వద్దో రోజూ చెబుతోంది, చివరికి మిగిలేది ఎర్రంచు పచ్చచీర ఒక్కటే. పూత వాన ఆలస్యంగానైనా పడింది, కాఫీ పూసింది, గింజ కట్టింది. ఇక అన్నిటికంటే ముందు నువ్వడిగిన ప్రశ్న, ఉత్తరం మొదటి వరుసలోనే, మీ అమ్మ ఎలా ఉందని కూడా అడగకుండా అడిగిన ప్రశ్న: "పూలు ఎంతవరకు వచ్చాయి?"

దానికి జవాబు ఇంత తేలిగ్గా చెప్పను. నువ్వు వరసగా వినాలి.

ఆ రోజు పార్వతీపురంలో వాళ్ళింట్లో అందరం కూర్చున్నాం. వియ్యంకుడు అప్పలస్వామి గారు పెద్దమనిషి, పూల వ్యాపారం చేసే మనిషి, మంచిగానే అన్నాడు: "పూల సంగతి నాకొగ్గీండి. కొండ మీద మీకు ఏటి దొరుకుతాయి? దండలు, జడ, పందిరికి తోరణాలు, అన్నీ నేను పంపుతాను." ఆ "కొండ మీద ఏటి దొరుకుతాయి" అన్నమాట నాకూ గుచ్చుకుంది, కాదనను. కానీ నేను నోరు మూసుకుని లడ్డు తిన్నాను. నువ్వో? లేచి నిలబడ్డావు. "ఒక్క పువ్వు కూడా కొనం మావయ్యా. మా నేల్లో మేమే పండించి మీ అమ్మాయికి పెడతాం" అన్నావు. పెళ్ళి మనింట్లో, అదీ మే నెలాఖర్లో, ఊటలో నీళ్ళు చెంబుతో ముంచుకునే రోజుల్లో. పెళ్ళికూతురు నీలవేణి తల వంచుకుంది. నువ్వు ఆ వారంలోనే పళ్ళికిలిస్తూ రైలెక్కావు. మాటిచ్చింది నువ్వు, బిందె మోసేది నేను.

మన ఇంట్లో ఎవరికైనా పూలు పండించడం వచ్చా? కాఫీ వచ్చు, మిరియం వచ్చు, రాగులు, సామలు వచ్చు. బంతిపువ్వు అంటే సంతలో కొనుక్కున్నదే. సరే, ఆ సంతలోనే విత్తనం కొని, పెరట్లో నారు పోశాను. నారు బాగా వచ్చింది. అక్కడితో మీ నాన్న దిగాడు రంగంలోకి.

"పెరట్లో ఎండకి మాడిపోద్ది. కాఫీ తోటలో ఏద్దాం" అన్నాడు. ఊట దిగువన, పనసచెట్టు కింద, సిల్వర్ ఓక్ చెట్ల మధ్య ఖాళీ మడి ఉంది చూడు, అక్కడ. నేనూ సరేనన్నాను. ఎందుకనకూడదు? మనం పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మొక్క అంటే నీడలో పెట్టాలనే తెలుసు. లేత మొక్కకు ఎండ తగిలితే అదేదో పసిపిల్లకు తగిలినంత గాభరా మనకు. చక్కగా వరసలు తీసి, కాఫీ తొక్క కుళ్ళబెట్టిన ఎరువు దోసిళ్ళతో వేసి, అంతా నాటాం. మిగిలిన నారు మొక్కలు బట్టలుతికే బండ పక్కన పారేసి చేతులు కడుక్కున్నాను.

మీ నానమ్మ మొదటి రోజు నుంచే మొదలుపెట్టింది. "ఇత్తనం జాకరమ్మ తల్లికి సూపించకుండా నేల్లో ఏసినారు. ఇటుకల పండగలో ఇత్తనాల పూజ కాకుండా ఇత్తనం ఎవులైనా ముడతారేటి?" అంది. పూల విత్తనానికి పండగేమిటమ్మా, మనం తింటామా అన్నాను. "తిన్నా, తలలో ఎట్టుకున్నా, నేల్లోంచి వొచ్చిందేదైనా తొలిది జాకరమ్మది. తొలి పువ్వు ఎవులు ముట్టినా సెయ్యిరగ్గొడతాను" అంది. అలాగే, తొలి పువ్వు అమ్మవారికే ఇద్దాం అని ఒప్పుకున్నాను. ఒప్పుకున్నా ఊరుకోలేదు, పూటకోసారి గుర్తు చేస్తూనే ఉంది.

ఇటుకల పండగ వచ్చింది. మగాళ్ళు వేటకు పోయారు, మేం ఆడాళ్ళం రోడ్డుకు దుంగ అడ్డం పెట్టి బండ్లు ఆపి పండగ డబ్బులు వసూలు చేశాం, అంతా బాగానే ఉంది. కానీ పండగ రోజుల్లో పొలం పని చేయకూడదు కదా. ఎండ చూస్తే నిప్పులు. నారు వాడిపోతోంది. నాకేమో ప్రాణం ఆగలేదు. బిందె నింపుకుని మడిలో నిలబడి పోస్తుంటే మీ నానమ్మ కర్ర పట్టుకుని వచ్చేసింది. "ఏటి సేత్తన్నావే?" అంది. కాళ్ళు కడుక్కుంటున్నానన్నాను. వరస చివరిదాకా తడి చూసింది. "నీకెన్ని కాళ్ళున్నాయే?" అంది. ఊరంతా ఇప్పటికీ నన్ను చూస్తే కాళ్ళు లెక్కపెడుతున్నారు.

మొక్కలు పెరిగాయి. పెరగడమంటే అలా ఇలా కాదు, నా నడుం దాటిపోయాయి. ఆకులు ముదురాకుపచ్చగా నిగనిగలాడుతున్నాయి. దారిన పోయేవాళ్ళు ఆగి చూసి వెళ్తుంటే మీ నాన్న మీసం దువ్వుకుంటూ గట్టు మీద నిలబడేవాడు. "సూడు ఎంత బలంగా ఉన్నాయో" అనేవాడు. బలం ఉంది. మొగ్గ లేదు. ఏప్రిలు అయిపోవచ్చింది, ఒక్క మొక్కకు ఒక్క మొగ్గ లేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, మీ నాన్న మాత్రం దండలకు కట్టడానికి అరటినార తీసి నానబెడతానంటాడు. నేను అడిగితే "మొక్క ముందు బలం పట్టాలి. కాఫీ మూడేళ్ళకి గానీ కాయలేదు, నువ్వు రెండు నెలలకే గంతులేత్తన్నావు" అన్నాడు.

"అయితే పెళ్ళి మూడేళ్ళు ఆపమందామా?" అన్నాను. బండి స్టార్టు చేయడానికి పోయాడు.

ఈ మధ్యలో భాను మేక. దాని నోటికి ముళ్ళకంచె లెక్కలేదు. ఒక వరస సగం మేసింది. పూలులేని బంతాకు ఎంత కంపు కొడుతుందో నీకు తెలుసు కదా, అయినా తింది. "మా మేక మంచిదే వదినా, ఆకు కమ్మగా ఉన్నాదేమో" అంది భాను. నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఇక ఇప్పుడు చెప్పబోయేది విని నువ్వు నన్ను ఏమైనా అనుకో. పాడేరులో మీటింగు ఉందని మీ నాన్నకు అబద్ధం చెప్పి, తెల్లారగట్ల బస్సెక్కి నేను పార్వతీపురం వెళ్ళాను. పూలు కొనడానికే వెళ్ళాను. నీ మాట మన్నులో కలిసినా సరే, పెళ్ళికూతురు బోడి జడతో పీటల మీద కూర్చోకూడదని. వియ్యంకుడి దగ్గర తలొంచుకుని "అన్నయ్యా, మా వల్ల కాలేదు, మీరే పంపండి, బయట మాత్రం మేం పండించినవే అని చెబుదాం" అని అడగాలని దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. బస్సులో నా పక్కన కూర్చున్నావిడ నేను నాలో నేనే గొణుక్కోవడం చూసి జరిగి కూర్చుంది.

పూల బజారులో అప్పలస్వామి గారు గోనెపట్టా మీద కూర్చుని మూర వేసి కోస్తున్నాడు. నన్ను చూడగానే ఒక్క ఉదుటున లేచాడు. "సెల్లెమ్మా! ఏటిలాగొచ్చినారు? కబురెట్టకుండా!" అని పీట వేశాడు, సోడా తెప్పించాడు. నేను నోరు తెరిచేలోపే పక్క కొట్టువాళ్ళను కేకేశాడు. "ఒరే, ఇలా రాండర్రా! మా వియ్యపురాలు. నేను సెప్పలేదేటి, మా నీలవేణి పెళ్ళికి పూలు పండిస్తన్నారని, ఈవిడే!" అన్నాడు. బజారు బజారంతా వచ్చి నన్ను చూశారు. ఒకాయన "కొండ పూలు మా అప్పలస్వామి కంటికి ఆనతాయేటమ్మా?" అని నవ్వాడు. అప్పలస్వామి గారు నవ్వలేదు.

వాళ్ళు వెళ్ళాక, తడిగుడ్డ కప్పిన బుట్ట వైపు చూస్తూ చెప్పాడు. "నేను పుట్టిన కాడ్నుంచి పూలల్లోనే ఉన్నాను సెల్లెమ్మా. నా గుంటకి, నీలవేణికి, మాత్రం ఒక్క రోజు మంచి పువ్వు పెట్టలేదు. పొద్దున్నుంచి అమ్మి, మిగిలినవి, రేకులూడినవి, రంగు పోయినవి సాయంత్రం ఇంటికట్టుకెళ్ళీవోడ్ని. ఏ దినమూ అడగలేదది. పదో తరగతి పాసయినప్పుడు, ఇయ్యాల మంచివి పెట్టాలని మూర మల్లెలు తీసి దాసినాను. ఆఖర్న బేరం వొచ్చింది, అమ్మేసినాను. ఇంటికెళ్ళి వాడిపోయినవే ఇచ్చినాను. ఏటీ అన్లేదు, పెట్టుకుంది."

నేను సోడా సీసా కింద పెట్టేశాను.

"ఆ దినం మీ వోడు ఆ మాటన్నప్పుడు నాకు కోపం వొచ్చింది. నేను పూలు పంపితే తప్పేటి అనుకున్నాను. రేతిరి నీలవేణిని అడిగినాను. 'ఆ మాట ఆయన్ని అడిగి నేనే అనిపించినాను నాన్నా, అంగట్లోకి రాని పువ్వు ఒక్కపాలి పెట్టుకోవాలనుంది' అంది" అన్నాడు. కండువాతో మొహం తుడుచుకుని, మళ్ళీ వ్యాపారం మాటల్లో పడ్డాడు.

ఒరే సురేంద్రా, నీకు తెలుసు కదా ఇది? ఆ పిల్ల నీకు చెప్పింది కదా? మరి నాకెందుకు చెప్పలేదురా! ఇన్నాళ్ళూ నేను నీది కొండమనిషి పౌరుషం అనుకున్నాను. నోటి దురద అనుకున్నాను. వియ్యాలవారి ముందు గొప్పకు పోయాడనుకుని బిందె మోసిన ప్రతిసారీ నిన్ను తిట్టుకున్నాను. ఆ ఒక్క ముక్క నా చెవిన వేసి ఉంటే పార్వతీపురం బస్సెక్కేదాన్నా? తిట్టుకుంటూ పోసిన నీళ్ళు వేరు, ఇష్టపడి పోసిన నీళ్ళు వేరు. నిన్ను కనడం కంటే నీ నోట్లోంచి అసలు సంగతి రాబట్టడం కష్టం. అచ్చం మీ నాన్నవే.

కొనడానికి వెళ్ళినదాన్ని పూలడగడానికి మనసు రాక, పెళ్ళికూతురికి ఏ రంగు చీర నచ్చుతుందో కనుక్కుందామని వచ్చానని చెప్పాను. ఆయన నమ్మాడు. బయలుదేరేటప్పుడు, బుట్టలోంచి అప్పుడే కట్టిన మల్లెలు, మంచివి, పైనున్నవే, మూర కాదు రెండు మూరలు కోసి నా చేతిలో పెట్టాడు. నాకు ఆ పూలు పెట్టుకుంటుంటే సిగ్గేసింది.

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. మీ నాన్న నా తల వైపు చూశాడు. "పాడేరు మీటింగులో మల్లెలు పంచినారేటి?" అన్నాడు. కాళ్ళు కడుక్కుందామని పెరట్లోకి పోయాను. బట్టల బండ పక్కన, నేను పారేసిన నారులోంచి ఒక మొక్క బతికి ఉంది. నా జానెడు లేదు. ఎరువు లేదు, నీడ లేదు, దిక్కూ మొక్కూ లేదు. పొద్దంతా ఎండ, సబ్బు నీళ్ళు. దాని తలమీద మొగ్గ ఉంది. చక్కగా, గుండ్రంగా, పచ్చ మొగ్గ.

నాకు అప్పుడు వెలిగింది. పిలిచి చూపించాను. మీ నాన్న చతికిలబడి చాలాసేపు చూశాడు. "మనం వాటిని కాఫీలాగ పెంచినాం" అన్నాను. "నీడ వాటికి పడదు. ఎండ కావాలి."

"ఎండలో మాడిపోవేటి?" అన్నాడు. కానీ గొంతులో బలం లేదు. అప్పుడు కూర్చోబెట్టి పార్వతీపురం సంగతంతా చెప్పేశాను. అబద్ధం చెప్పి వెళ్ళినందుకు అరుస్తాడనుకున్నాను. మల్లెల మూర అమ్మేసిన చోటికి వచ్చేసరికి చుట్ట ఆర్పేశాడు. రాత్రి అన్నాల దగ్గర మీ నానమ్మకూ తనే చెప్పాడు.

మర్నాడు పొద్దున్నే గొడ్డలి తీసుకుని మడికి పోయాడు. నీకు తెలుసు కదా, వానలు పట్టకముందు తోటలో ఎవరైనా నీడకొమ్మ విరిస్తే వాళ్ళ మీద పడి కొట్టేంత పని చేస్తాడు. ఆ మనిషి పనసచెట్టెక్కి కొమ్మ తర్వాత కొమ్మ నరికాడు. సిల్వర్ ఓక్ చెట్లెక్కి, అల్లుకున్న మిరియపు తీగతో సహా దించాడు. నేను కింద నిలబడి చాలు, చాలు అంటున్నా ఆగలేదు. మడి మీదికి ఎండ వచ్చి పడింది. పక్కనున్న కాఫీ మొక్కల మీద కూడా పడింది. వాటి ఆకులు ఇప్పుడు కాలినట్టు ఎర్రబడిపోయాయి, పిందెలు రాలుతున్నాయి. ఆ పక్క కాఫీ ఈ ఏడు లేనట్టే. ఆయన చెట్టు దిగి, చెమట తుడుచుకుని, "కాఫీ మల్లీ ఏడు కాస్తాది. ఆ గుంటకి మనం మల్లీ పెళ్ళి సేత్తామేటి?" అన్నాడు.

ఇక నువ్వడిగిన ప్రశ్నకు జవాబు. కొమ్మలు కొట్టిన మొదటి రెండు రోజులు బంతి మొక్కలన్నీ తలలు వేలాడేశాయి, అంతా అయిపోయిందనుకుని నేను ఏడ్చాను. తర్వాత లేచాయి. నిన్న సాయంత్రం చూస్తే కొమ్మకొమ్మకూ మిరియం గింజంత మొగ్గలు. పెళ్ళినాటికి ఎన్ని విచ్చుతాయో నాకు తెలియదు. పందిరికి చాలవు. పందిరికి మామిడాకులు, జీలుగు మట్టలు కడదాం. రెండు దండలకు, ఒక జడకు రావాలని మొక్కుకుంటున్నాను. రాకపోతే ఉన్నవే పెడదాం. బజారు పువ్వు మాత్రం ఈ గుమ్మం దాటి లోపలికి రాదు, అది ఇప్పుడు నీ మాట కాదు, నా మాట. నేను పార్వతీపురం వెళ్ళిన సంగతి నీలవేణికి చెప్పావో, ఊరుకోను.

బండ పక్కన మొగ్గ అన్నిటికంటే ముందుంది. పెళ్ళి నాటికి అదే ముందు విచ్చేది. మీ నానమ్మ దాన్ని కనిపెట్టగానే మేకకు భయపడి గంప బోర్లించింది. "మళ్ళీ నీడేనా!" అని నేను అరిస్తే గంప తీసేసి, తనే కర్ర పట్టుకుని దాని పక్కన కూర్చుంది. అప్పటి నుంచి అన్నం కూడా అక్కడే. తన తొలి పువ్వుకు కాపలా కాస్తోందనుకున్నాను. ఈ పొద్దున బట్టలుతుకుతూ నేనే అన్నాను, "అమ్మా, విచ్చగానే జాకరమ్మ దగ్గరికి తీసుకెళ్దాంలే, మాట తప్పను" అని.

ఆవిడ నా వైపు చూడలేదు. మొగ్గ వైపే చూస్తూ అంది: "జాకరమ్మకి ఏటేటా తొలివే ఇచ్చినాం. ఆ గుంటకి ఎప్పుడూ ఆఖరివే ఇచ్చినారు. ఈపాలి తొలిది దానిదే. జాకరమ్మకి నేను సెప్పుకుంటాను."

బేగి రా నాయనా.

ఇట్లు,
నీ మీద కోపం ఇంకా పూర్తిగా తీరని
మీ అమ్మ,
గంగ